మాత్ర పేరు చదవండి, గడియారం చూడండి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద ఇరవై నిమిషాలు మాట్లాడమని కమిటీవాళ్ళు అడిగారు. షుగరు, బీపీ గురించి చెబుతాననుకున్నట్టున్నారు. ఆ రెండింటి గురించి నాకంటే బాగా చెప్పగల డాక్టర్లు మన బ్యాచుల్లోనే ఉన్నారు. నేను కాన్పుల డాక్టరును. నా ఓపీ గదిలో రోజూ వినబడేది, సభల్లో మాత్రం ఎవరూ ఎత్తనిది ఒక ప్రశ్న ఉంది. దాన్నే తీసుకున్నాను. బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం కావాలనుకునే ఆడమనిషి, ఒకే హార్మోను ఉండే గర్భనిరోధక మాత్రను క్షేమంగా ఎట్లా వాడుకోవాలి? మగవాళ్ళు కాఫీకని లేచిపోవద్దు. చాలా ఇళ్ళల్లో మందులంగడికి పోయి ఆ మాత్ర కొనుక్కొచ్చేది మీరే.

ముందు ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నానో చెబుతాను. మన రాష్ట్రంలో కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషనే. 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్ళు. మాత్రలు వాడేవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. అదే సర్వేలో 20 నుంచి 24 ఏళ్ళ మధ్య వయసున్న ఆడవాళ్ళలో నూటికి దాదాపు 30 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టుకుంటే మన పల్లెల్లో జరిగేది కనబడుతుంది. పద్దెనిమిదికి పెళ్ళి, పంతొమ్మిదికి ఒక కాన్పు, ఇరవయ్యొకటికి ఇంకొకటి, ఆ కాన్పుతోనే ఆపరేషను. మొదటి కాన్పులో పోయిన రక్తం తిరిగి పట్టకముందే రెండో కాన్పు వచ్చేస్తుంది. కాన్పు తర్వాత మళ్ళీ గర్భానికి ప్రయత్నించే ముందు కనీసం రెండేళ్ళు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ రెండేళ్ళు ఎట్లా ఆగాలో మాత్రం మన అమ్మాయిలకు చెప్పేవాళ్ళు తక్కువ.

ఆపరేషను మంచిదే. బిడ్డలు చాలనుకున్నవాళ్ళకు అది సరైన దారి. కానీ ఎడం కోసం వేరే దారులున్నాయి. వాటి మీద మనవాళ్ళకు నమ్మకం లేదు. "మాత్రలు వేసుకున్నా కడుపొచ్చింది డాక్టరమ్మా" అని చెప్పేవాళ్ళను నేను చాలామందిని చూశాను. ఏ మాత్ర వేసుకున్నావమ్మా అని అడిగి, పర్సులోంచి ఖాళీ స్ట్రిప్పు తీయించి చూస్తే, ఎక్కువసార్లు అది గర్భనిరోధక మాత్ర కానే కాదు. లేదా ఆ మాత్రే అయినా వేళకు పడి ఉండదు.

ఇక మాత్ర సంగతి. ఆడవాళ్ళ శరీరంలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ అని రెండు ముఖ్యమైన హార్మోన్లు ఉంటాయి. ప్రొజెస్టిరాన్ పని చేసేట్టుగా తయారుచేసిన మందులను ప్రొజెస్టోజెన్లు అంటారు. 1951లో మెక్సికోలో అడవి గడ్డల నుంచి తీసిన పదార్థంతో నోరెథిస్టిరాన్ అనే మందును తయారుచేశారు. అప్పటి నుంచి ఈ కుటుంబం పెరిగింది. ఈరోజు మన తిరుపతిలోనో, చిత్తూరులోనో ఏ మందులంగడిలోనైనా ఈ కుటుంబానికి చెందిన మాత్రలు నాలుగు రకాలు దొరుకుతాయి. ఇంటిపేరు ఒకటే గానీ ఒకరి పని ఇంకొకరు చేయరు. చిక్కంతా ఇక్కడే వస్తోంది.

మొదటిది, మన తిరుపతివాళ్ళకు అందరికంటే బాగా తెలిసింది. డేటు వెనక్కి జరిపే మాత్ర. మూడు వందల రూపాయల దర్శనం టికెట్టు నెలల ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటాం. రైలు టికెట్టు, గది అన్నీ కుదురుతాయి. తీరా చూస్తే ఆ రోజుకే నెలసరి. వెంటనే మాత్ర. పెళ్ళికి, గృహప్రవేశానికి, వరలక్ష్మీ వ్రతానికి, గంగమ్మ జాతరకు కూడా అంతే. ఆచారం పాటించడం, పాటించకపోవడం ఎవరింటి విషయం వాళ్ళది. మాత్ర గురించి చెప్పడం నా పని. అది నోరెథిస్టిరాన్ 5 మిల్లీగ్రాములు. మామూలుగా డేటుకు మూడు రోజుల ముందు నుంచి రోజుకు మూడు వేయమంటారు. ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. ఇదే మందు రోజువారీ గర్భనిరోధక మాత్రగా కొన్ని దేశాల్లో దొరుకుతుంది. అందులో ఉండేది 0.35 మిల్లీగ్రాములే. అంటే డేటు జరపడానికి మనం రోజుకు వేసుకునేది దానికి నలభై రెట్లకు పైగా. ఆ మోతాదులో కొంత మందు ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. కాబట్టి ఎప్పుడైనా కాలి సిరల్లోనో, ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్ళు, ఇంట్లో దగ్గరివాళ్ళకు ఆ జబ్బు వచ్చినవాళ్ళు దీన్ని అంగడిలో అడిగి తెచ్చుకుని వేసుకోకూడదు. డాక్టరును అడగాలి. కడుపుతో ఉన్నామేమో అనే అనుమానం ఉంటే ముందు పరీక్ష చేసుకోవాలి.

ఇంకో మాట. ఈ మాత్ర వాడే పద్ధతి గర్భం ఆపడానికి కాదు. బెంగళూరు నుంచి మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన ఒకామె, చంకలో తొమ్మిది నెలల బిడ్డ, పది రోజులు ఈ మాత్ర వేసుకుంది. ఆ నెలంతా ఇక భయం లేదనుకుంది. తర్వాతి నెల నా ముందు కూర్చుంది. ఆమె తప్పేమీ లేదు. ఇది వేరే మాత్ర అని ఆమెకు చెప్పినవాళ్ళే లేరు.

రెండోది అత్యవసర మాత్ర. లెవోనోర్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు. టీవీల్లో ప్రకటనలు చూసే ఉంటారు. జాగ్రత్త లేకుండా కలిసినప్పుడు, 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. వేసుకున్న మూడు గంటల్లోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి. అది జరిగిపోయిన దానికే. మరుసటి రోజు కలయికకు అది కాపలా ఉండదు. దాన్ని నెలకు నాలుగుసార్లు వేసుకునేవాళ్ళు వస్తుంటారు. నెలసరి అటూ ఇటూ అవుతుంది, ఖర్చు ఎక్కువ, రక్షణ తక్కువ. ఇది కడుపు తీసే మాత్ర కూడా కాదు. కడుపు తీసే మాత్రలు పూర్తిగా వేరు. వాటిని డాక్టరు లేకుండా వాడితే ప్రాణం మీదికి వస్తుంది.

మూడోది మాలా-ఎన్, మాలా-డి రకం. వీటిలో ప్రొజెస్టోజెన్‌తో పాటు ఈస్ట్రోజెన్ కూడా ఉంటుంది. 21 హార్మోను మాత్రలు, 7 ఇనుము మాత్రలు. మంచి మాత్రలే. కానీ ఆరు నెలలలోపు బిడ్డకు పాలిచ్చే తల్లికి, బీపీ ఎక్కువ ఉన్నామెకు, కళ్ళముందు మెరుపులు కనబడి తలనొప్పి వచ్చే మైగ్రేన్ ఉన్నామెకు, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నామెకు ఇవి తగవు.

అట్లాంటివాళ్ళలో చాలామందికి పనికొచ్చేది నాలుగోది. ప్రొజెస్టోజెన్ మాత్రమే ఉండే రోజువారీ మాత్ర. మినీ పిల్ అంటారు. మన దగ్గర దొరికే దాంట్లో ఉండేది డెసోజెస్ట్రెల్ 75 మైక్రోగ్రాములు. ఇక్కడ పేరు జాగ్రత్తగా చదవాలి. డెసోజెస్ట్రెల్ అనే మాట రెండు హార్మోన్ల మాత్రల మీద కూడా ఉంటుంది. పక్కన ఇథినైల్ ఎస్ట్రాడియాల్ అని ఇంకో పేరు కనబడితే అది మినీ పిల్ కాదు. బాలింతకు తెచ్చినప్పుడు ఈ ఒక్క మాట చూసి తీసుకోండి. బడిలో మన మాస్టార్లు ప్రశ్న రెండుసార్లు చదివి జవాబు రాయమనేవాళ్ళు కదా, అట్లాగే.

ఇప్పుడు వాడే పద్ధతి. స్ట్రిప్పులో 28 మాత్రలు. అన్నీ మందు మాత్రలే. మధ్యలో వారం ఆపేది లేదు. నెలసరి వచ్చినా, రాకపోయినా, ఒకటి అయిపోయిన మరుసటి రోజే రెండో స్ట్రిప్పు మొదలుపెట్టాలి. నెలసరి వచ్చిన మొదటి అయిదు రోజుల్లో మొదలుపెడితే అప్పటి నుంచే పనిచేస్తుంది. ఇంకెప్పుడైనా మొదలుపెడితే, కడుపు లేదని తేల్చుకుని, మొదటి రెండు రోజులు కండోమ్ కూడా వాడాలి. కాన్పయినవాళ్ళు ఎప్పుడు మొదలుపెట్టాలో కాన్పు చేసిన డాక్టరును ఆసుపత్రి నుంచి పోయేముందే అడిగి రాయించుకోండి.

రోజూ ఒకే వేళ. రాత్రి తొమ్మిది అనుకుంటే తొమ్మిదే. డెసోజెస్ట్రెల్ మాత్రకు పన్నెండు గంటల వెసులుబాటు ఉంది. రాత్రి తొమ్మిదికి మరిచిపోతే పొద్దున తొమ్మిదిలోపు వేసుకుంటే చాలు, నష్టం లేదు. పన్నెండు గంటలు దాటితే గుర్తొచ్చిన వెంటనే ఒకటి వేసుకోండి. తర్వాతది మామూలు వేళకే. ఒకే రోజు రెండు పడ్డా భయం లేదు. అక్కడి నుంచి రెండు రోజులు కండోమ్ వాడండి. కొన్ని మాత్రల పెట్టెల్లోని కాగితం మీద ఏడు రోజులని ఉంటుంది. మీ పెట్టెలో ఏడని ఉంటే ఏడు రోజులే పాటించండి. ఆ సందులో జాగ్రత్త లేకుండా కలిసి ఉంటే అత్యవసర మాత్ర అవసరమేమో డాక్టరును అడగండి. మాత్ర వేసుకున్న మూడు గంటల్లోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి. వాంతులు, విరేచనాలు ఒక రోజుకు మించి పట్టుకుంటే, మాత్ర మరిచిపోయినట్టే లెక్క. తగ్గేదాకా, తగ్గిన తర్వాత రెండు రోజులు కండోమ్ ఉండాలి.

శ్రీసిటీలో షిఫ్టులకు పోయే అమ్మాయిలు నా దగ్గరికి వస్తారు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. వాళ్ళకు నేను చెప్పేది, అన్ని షిఫ్టుల్లోనూ మెలకువగా ఉండే వేళ ఒకటి చూసుకోమని. సెల్‌ఫోనులో అలారం పెట్టుకోమంటాను. మాత్ర దువ్వెన పక్కనో, టిఫిను డబ్బా సంచిలోనో, రోజూ చెయ్యి పడే చోట ఉండాలి. అత్తగారు చూస్తారని బీరువాలో చీరల కింద దాచిన మాత్ర వేళకు నోట్లో పడదు. వేళ తప్పకుండా వాడిన వందమందిలో ఏడాదికి ఒకరికైనా కడుపు రావడం అరుదు. మరిచిపోతూ వాడే వందమందిలో సుమారు ఏడుగురికి వస్తుంది. మందు ఒకటే. తేడా అంతా గడియారంలోనే ఉంది.

ఇంట్లో పెద్దవాళ్ళకు రెండు అనుమానాలుంటాయి. పుత్తూరు దగ్గరి పల్లె నుంచి కోడలిని తీసుకొచ్చిన ఒకావిడ అడిగింది. "పాలు ఎండిపోతాయంట కదమ్మా?" ఈ మాత్రతో ఎండిపోవు. పాలలోకి చాలా కొద్దిగా పోతుంది, బిడ్డ ఎదుగుదలకు నష్టం లేదు. "ముట్టు రాకపోతే ఆ చెడురక్తం యాడికి పోతుంది తల్లీ?" ఇది అంతకంటే పెద్ద అనుమానం. యాడికీ పోదు, ఎందుకంటే తయారే కాదు. గర్భసంచి లోపల పొర మందంగా పెరిగినప్పుడే కదా అది రాలి నెలసరి అవుతుంది. ఈ మాత్రతో ఆ పొర పలచగా ఉంటుంది. రాలడానికి ఏమీ ఉండదు. లోపల నిలిచిపోయే చెడురక్తం అంటూ ఏదీ లేదు.

ఈ మాత్రతో కొందరికి నెలసరి ఆగిపోతుంది, కొందరికి క్రమం తప్పుతుంది, కొందరికి మధ్యమధ్యలో మరకలు కనబడతాయి. మొదటి మూడు నాలుగు నెలలు ఇది మామూలే. మన ప్రాంతంలో ఈ మాత్ర మానేసేవాళ్ళలో ఎక్కువమంది దీనివల్లే మానేస్తారు. ఎప్పుడు మరక కనబడుతుందో తెలియకపోతే దీపం ఎట్లా పెట్టేది, గుడికి ఎట్లా పోయేది అంటారు. దాన్ని తేలిగ్గా తీసేయను. అందుకే మొదటి రోజే చెబుతాను. ముందే తెలిసినామె నాలుగు నెలలు ఓపిక పడుతుంది. తెలియనామె రెండో వారమే స్ట్రిప్పు పారేస్తుంది, ఇంకో దారి చూసుకోదు. ఆరు నెలలైనా తగ్గకపోతే మాత్ర మార్చుకోవచ్చు. తనంతట తాను ఆపడం మాత్రం వద్దు. ఆపితే నెల తిరక్కుండానే కడుపు రావచ్చు.

ఎవరు వాడకూడదు? రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్ళు, వచ్చి తగ్గినవాళ్ళు, కాలేయ జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళు, కారణం తెలియని రక్తస్రావం అవుతున్నవాళ్ళు వాడకూడదు. కారణం తేల్చుకున్న తర్వాతే ఏదైనా.

మందుల్లో కొన్ని ఈ మాత్ర బలాన్ని తగ్గించేస్తాయి. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ ఒకటి. ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫెనోబార్బిటాల్. హెచ్‌ఐవి మందుల్లో కొన్ని. వాటిని ఆపిన తర్వాత కూడా నాలుగు వారాలదాకా ఆ ప్రభావం ఉంటుంది. జలుబుకు, గాయానికి ఇచ్చే మామూలు యాంటీబయాటిక్స్‌తో ఈ ఇబ్బంది లేదు.

ఫిట్స్ గురించి ఒక్క మాట ఎక్కువ చెబుతాను. పెళ్ళి చెడిపోతుందని ఫిట్స్ సంగతి దాచి పెళ్ళిచేసిన ఇళ్ళు మన జిల్లాలో తక్కువేమీ కాదు. ఆ అమ్మాయి పుట్టింటి నుంచి మాత్రలు తెప్పించుకుని చాటుగా మింగుతుంటుంది. గర్భనిరోధక మాత్ర రాసే డాక్టరుకు కూడా చెప్పదు, పక్కన భర్త ఉంటాడు కాబట్టి. మాత్ర పనిచేయదు, కడుపొస్తుంది. ఫిట్స్ మందుల్లో కొన్ని కడుపులో బిడ్డకు మంచివి కావు. భయపడి ఆమె ఫిట్స్ మందు ఆపేస్తే తల్లికే ముప్పు. ఇట్లాంటి అమ్మాయికి కాపర్-టి గానీ, మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షను గానీ చక్కగా సరిపోతాయి. ఆ మందులు వీటి బలాన్ని తగ్గించవు. కానీ ఆమె నోరు తెరిచి చెప్పగలగాలి. నా గదిలో అందుకే మొదట ఆడమనిషితో ఒంటరిగా రెండు నిమిషాలు మాట్లాడతాను. మీ కోడలిని, చెల్లెలిని డాక్టరు దగ్గరికి తీసుకుపోయినప్పుడు ఆ రెండు నిమిషాలు మీరే బయటికి వచ్చి కూర్చోండి.

వెంటనే ఆసుపత్రికి రావలసిన గుర్తులు ఇవి. పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్ళు తిరగడం. మాత్ర వాడుతూ కడుపు రావడం అరుదే గానీ, వచ్చినప్పుడు అది గర్భసంచి బయట ట్యూబులో ఉందేమో వెంటనే చూడాలి. ఒక కాలు వాచి నొప్పి పెట్టడం, ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో నొప్పి. డేటు జరిపే మాత్రలు వేసుకుని రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చినవాళ్ళు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి. కళ్ళు పచ్చబడటం, రొమ్ములో గడ్డ తగలడం.

రోజూ వేళ పాటించడం నావల్ల కాదనే అమ్మాయి ఉంటుంది. ఆమెకు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా దొరికేవి ఉన్నాయి. అంతర ఇంజెక్షనులో ఉండేది కూడా ప్రొజెస్టోజెనే. అది ఆపిన తర్వాత మళ్ళీ కడుపు రావడానికి ఏడు నుంచి పది నెలలు పట్టవచ్చు, ముందే తెలుసుకోవాలి. ఛాయ మాత్ర ఉంది. అది హార్మోను కాదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన మన దేశపు మందు. ముందు సహేలి పేరుతో వచ్చింది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. కాపర్-టి ఉంది. ఇవన్నీ గర్భాన్ని ఆపుతాయి గానీ సుఖవ్యాధులను ఆపవు. దానికి కండోమ్ ఒక్కటే.

చివరగా గురువులకు ఒక మనవి. పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్ళి జరుగుతోందని తెలిస్తే 1098కి ఫోను చేయండి. ఆ వయసు దాటి, పెళ్ళి పత్రిక ఇచ్చి కాళ్ళకు మొక్కడానికి వచ్చే శిష్యురాలు ఉంటుంది. ఆమెకు అక్షింతలతో పాటు ఒక్క మాట చెప్పండి. "అమ్మణ్ణీ, బిడ్డలు ఎప్పుడు కావాలో మీరిద్దరూ మాట్లాడుకోండి, ఏఎన్ఎం దగ్గరికో డాక్టరు దగ్గరికో ఒకసారి పోయి రండి." తల్లి చెబితే సిగ్గు, అత్త చెబితే భయం. టీచరు చెబితే వింటుంది.

మన సంఘం పిల్లలకు పుస్తకాలు, ఫీజులు ఇస్తోంది. దాంతో పాటు ఏడాదికి ఒక గంట, పెద్ద తరగతుల ఆడపిల్లలనూ వాళ్ళ తల్లులనూ కూర్చోబెట్టి మన డాక్టర్లతో మాట్లాడిస్తే బాగుంటుంది. పిలిస్తే నేను ఎప్పుడైనా వస్తాను. ఈ బడి మనకు చదవడం నేర్పింది. మాత్ర వెనక రాసిన రెండు పదాలు చదువుకోగల ఆడమనిషి తన బిడ్డల మధ్య ఎడం తనే నిర్ణయించుకుంటుంది.